ఇంట 19 గెలిచింది, రచ్చ చూడలేదు: సన్‌ల్యాండ్ పార్క్ రేసులకీ, పెప్పర్స్ ప్రైడ్‌కీ నా రేటింగ్

ముందే చెప్పేస్తున్నా, ఇది రెండు రివ్యూలు కలిసిపోయిన రివ్యూ. వెళ్ళింది సన్‌ల్యాండ్ పార్క్ రేసుకోర్సుకి, అంటే ఎల్ పాసో ఊరి అంచున, టెక్సస్ దాటి న్యూ మెక్సికోలో కాలు పెట్టగానే వచ్చే ట్రాక్. కానీ ఇంటికి వచ్చాక వారం రోజులు నా బుర్రలో తిరిగింది ట్రాక్ కాదు, 2008లో అక్కడ ఆఖరి పరుగు పెట్టి వెళ్ళిపోయిన ఒక ఆడగుర్రం. పేరు పెప్పర్స్ ప్రైడ్. 19 రేసులు పరిగెత్తింది, 19 గెలిచింది. దానికి ఎన్ని స్టార్లు ఇవ్వాలి అంటే ఎవరైనా 5కి 5 అనేస్తారు. నేనూ అదే అనేవాణ్ణి, ఆ 19 ఎవరి మీద గెలిచిందో చూడకపోయి ఉంటే.

ట్రాక్ సంగతి ముందు తేల్చేస్తా, దాంతో పెద్ద పేచీ లేదు కాబట్టి. మేం డాలస్‌లో ఉంటాం. ఫిబ్రవరిలో ఎల్ పాసోలో ఉన్న మా బావమరిది దగ్గరికి వెళ్తే "బావా, ఆదివారం గుర్రాలకి పోదామా" అన్నాడు. వాడికి గుర్రాల గురించి ఏమీ తెలియదు, నాకు తెలిసిందల్లా హైదరాబాద్‌లోని మలక్‌పేట రేసుకోర్సు. చిన్నప్పుడు మూసారాంబాగ్‌లో ఉండేవాళ్ళం. రేసులున్న రోజు మైకులో కామెంటరీ గాలివాటాన్ని బట్టి మా మేడ మీదికి వచ్చేది, మా బాబాయ్ భోజనం సగంలో లేచి వెళ్ళిపోయేవాడు, సాయంత్రం ఆయన గేటు తీసే చప్పుడును బట్టి వచ్చాయో పోయాయో మా పిన్ని వంటింట్లోంచే చెప్పేసేది. ఆ మాత్రం పరిజ్ఞానంతో వెళ్ళా.

సన్‌ల్యాండ్ పార్క్ 1959 నాటిది. ఇప్పుడు సగం క్యాసినో. స్లాట్ మెషీన్ల గోల దాటుకుని వెనక తలుపు తోసుకుని బయటికి వస్తే గానీ గుర్రాలు ఉన్నాయని తెలియదు, కానీ ఒకసారి బయటికి వచ్చాక వేరే లోకం. ఎండ, మట్టి ట్రాక్, దగ్గరలోనే మౌంట్ క్రిస్టో రే, ఆ కొండ కొసన చేతులు చాపి నిలబడ్డ క్రీస్తు విగ్రహం. జనం మరీ ఎక్కువ లేరు. అందుకే రెయిలింగ్ దాకా వెళ్ళి నిలబడొచ్చు. నా మటుకు నాకు పైసా వసూల్ అయింది ఆ రెయిలింగ్ దగ్గరే. గుర్రాలు ఆఖరి మలుపు తిరిగి వచ్చేటప్పుడు ముందు ఏమీ వినపడదు, తర్వాత కాళ్ళ కింద నేల సన్నగా అదురుతుంది, ఆ తర్వాత ఒక్కసారిగా జాకీల అరుపులు, కొరడా దెబ్బలు, గుర్రాల ఊపిరి. ఊపిరి అంటే మనం తీసుకునే ఊపిరి కాదు, కొలిమి తిత్తి ఊదినట్టు ఉంటుంది. రెండు సెకన్లు. దాటి వెళ్ళిపోయాక మొహం మీద ఇసక. కళ్ళజోడు పెట్టుకుని వెళ్ళండి, ఫిబ్రవరి గాలి గురించి నాకెవరూ చెప్పలేదు.

ఇంకోటి, ప్యాడాక్ వదిలిపెట్టొద్దు. రేసుకి ముందు గుర్రాలకి జీను బిగించి గుండ్రంగా తిప్పే చోటు అన్నమాట. ఒక నల్లటి ఫిల్లీ, అంటే పడుచు ఆడగుర్రం, మా ముందు నుంచి మూడుసార్లు వెళ్ళింది, మెడ మీద అప్పటికే చెమట పట్టి సబ్బు నురగలా కనిపిస్తోంది, దాన్ని పట్టుకున్న కుర్రాడు చెవిలో ఏదో స్పానిష్‌లో గొణుగుతూ తడిగుడ్డతో మూతి తుడుస్తున్నాడు. "ఇది గెలవదు బావా, టెన్షన్ పడుతోంది" అన్నాడు మావాడు. గెలవలేదు. వాడికి ఏమీ తెలియదని అన్నా కదా, వెనక్కి తీసుకుంటున్నా.

పందెం విషయంలో మాత్రం మలక్‌పేట బుద్ధితో వెళ్తే దెబ్బ తింటారు, నేను తిన్నాను. మన దగ్గర 8 గుర్రాలు, అంతకు మించి పరిగెడితే ప్లేస్ అంటే మొదటి మూడు స్థానాల్లో ఏదైనా సరే. అక్కడ ప్లేస్ అంటే మొదటి రెండే, మూడోదానికి షో అని వేరే పందెం ఉంది. నేను దర్జాగా 2 డాలర్లు పెట్టి ప్లేస్ కొట్టించా. గుర్రం మూడోది వచ్చింది, టికెట్ పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్తే ఆవిడ జాలిగా చూసి "షో తీసుకోవాల్సింది" అంది. తప్పు వాళ్ళది కాదు, నాదే. ట్రాక్‌కి 4 స్టార్లు. అయిపోయింది, ఇక అసలు విషయం.

మా పక్కన రెయిలింగ్ పట్టుకుని ఒక పెద్దాయన ఉన్నాడు, కౌబాయ్ టోపీ, చేతిలో నాలుగు మడతలు పెట్టిన రేసు బుక్. మాటల్లో మాటగా "ఇక్కడ ఒక మేర్ (ఆడగుర్రం) ఉండేది. ఎప్పుడూ ఓడలేదు" అన్నాడు. ఎప్పుడూ అంటే? "ఎప్పుడూ అంటే ఎప్పుడూ." ఆ మాట అనేటప్పుడు ఆయన మొహం చూడాల్సింది, సొంత కూతురికి మెడిసిన్‌లో సీటు వచ్చినట్టు వెలిగిపోయింది.

ఆ రాత్రి కూర్చుని చదివా. పెప్పర్స్ ప్రైడ్ 2003లో న్యూ మెక్సికోలోనే పుట్టింది. తండ్రి డెజర్ట్ గాడ్. ట్రైనర్ జోయెల్ మార్, జాకీ కార్లోస్ మదీరా. రూయిడోసో డౌన్స్, హాబ్స్‌లోని జియా పార్క్, ఈ సన్‌ల్యాండ్ పార్క్, అంతా ఆ రాష్ట్రం ట్రాక్‌ల మీదే తిరిగింది. 2008లో వరుసగా 17వ రేసు గెలిచినప్పుడు దేశమంతా ఒక్కసారి తల తిప్పి చూసింది, ఎందుకంటే ఆధునిక కాలంలో ఉత్తర అమెరికాలో అప్పటిదాకా వరుస విజయాల రికార్డు 16. 2008 డిసెంబర్ 14న సన్‌ల్యాండ్ పార్క్‌లో 19వది. తర్వాత రిటైర్ చేసేశారు. సంపాదన 10 లక్షల డాలర్లు దాటింది. న్యూ మెక్సికోలో ఆ గుర్రం పేరు మీద రేసు కూడా పెట్టారు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. అమెరికాలో రేసు గుర్రాల పాత రికార్డు కాగితం చూస్తే ఒక్కో రేసుకి ఒక్కో లైను ఉంటుంది: తేదీ, ట్రాక్, దూరం, టైము, ఎక్కడ మొదలెట్టి ఎక్కడ ముగించింది, పక్కన ఎవరు వచ్చారు. ఆ లైనులో ఒక్కోచోట చిన్న డబ్బాలో S అని ఉంటుంది. ఆ రాష్ట్రంలో పుట్టిన గుర్రాలకి మాత్రమే పెట్టిన రేసు అని దాని అర్థం. పెప్పర్స్ ప్రైడ్ కాగితం మీద 19 లైన్లు, 19 చోట్లా ఒకటే కథ. న్యూ మెక్సికోలో పుట్టిన గుర్రాలతోనే పోటీ. బయటి గుర్రం ఒక్కటి కూడా పక్కన నిలబడలేదు.

మన భాషలో చెప్పాలంటే లోకల్ కోటా.

బాబాయ్‌కి వీడియో కాల్ చేశా. ఆయనకి ఇప్పుడు 74 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులతో మలక్‌పేట వెళ్ళడం మానేశాడు, ఫోన్‌లో చూస్తాడు. సంగతంతా విని, "ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం రా" అని తేల్చేశాడు.

"19 గెలిచింది బాబాయ్."

"90 గెలవనీ. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట గెలిచి, ఇంటినే 18 సార్లు మళ్ళీ గెలవమన్లేదు."

ఆయన మాట తీరు అంతే, ఎదుటివాడు నవ్వేలోపు కేసు కొట్టేస్తాడు. నిజానికి నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ ఆముదం చెట్టు అనేసి వదిలేయడం అన్యాయం కూడా, ఎందుకో చెప్తా. ముందు అసలు యజమాని బయటికి ఎందుకు తీసుకెళ్ళలేదో చూడాలి, అది గుర్రం తప్పు కాదు కాబట్టి.

న్యూ మెక్సికోలో రేసుకోర్సులకి క్యాసినో ఎందుకు ఉందంటే స్లాట్ మెషీన్ల ఆదాయంలో ఒక వాటా రేసుల ప్రైజ్ మనీకి వెళ్ళాలి. ఆ డబ్బులో కొంత స్థానికంగా పుట్టిన గుర్రాల రేసులకి పెడతారు, లేకపోతే కెంటకీలోనో ఫ్లోరిడాలోనో పెంచిన ఖరీదైన గుర్రాలు వచ్చి అన్నీ ఎగరేసుకుపోతాయి, లోకల్‌గా గుర్రాల్ని పెంచేవాడు దుకాణం మూసుకోవాలి. న్యూ మెక్సికో ఒక్కటే కాదు, చాలా రాష్ట్రాల్లో ఇదే పద్ధతి. కాబట్టి యజమాని వైపు నుంచి చూడండి. ఇంటి దగ్గరే మంచి డబ్బు, రవాణా ఖర్చు తక్కువ, గుర్రం రోజూ తినే గడ్డి అదే, తెలిసిన ట్రాక్, తెలిసిన జాకీ. పైగా రికార్డు దగ్గరపడుతోంది. బయటికి తీసుకెళ్ళి ఓడిపోతే ఏం మిగులుతుంది? ఆయన స్థానంలో నేనున్నా తీసుకెళ్ళేవాణ్ణి కాదేమో. ఎంసెట్‌లో టాప్ ర్యాంకు తెచ్చుకుని జేఈఈ రాయని పిల్లాడి లాంటి సంగతి ఇది, పక్కనే మంచి కాలేజీలో ఉచితంగా సీటు వస్తుంటే రాయమని ఎవరు తోస్తారు. కాకపోతే "నువ్వు ఐఐటీ వాడికన్నా గొప్పా?" అని ఎవరైనా అడిగిన రోజున ఆ పిల్లాడి దగ్గర జవాబు ఉండదు.

గొప్పదనం కొలుద్దామంటే బయటి గుర్రాలతో పోల్చే లెక్కే లేకుండా పోయింది. 19 అనే అంకెలో సగం గుర్రం కాళ్ళది, సగం యజమాని ఎంట్రీ ఫారం మీద పెట్టిన సంతకానిది. ఎక్కడ పరిగెత్తించాలో ఎంచుకునేది గుర్రం కాదు కదా.

పాత రికార్డు 16 దగ్గర నాలుగు గుర్రాలు ఉన్నాయి అప్పటికి, ఈ నలుగురినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు చాలా విషయం తెలిసొచ్చింది. ఒకటి సైటేషన్, 1948లో ట్రిపుల్ క్రౌన్ కొట్టింది, అంటే అమెరికాలో మూడు పెద్ద రేసులూ ఒకే ఏడాది గెలిచింది. రెండు సిగార్, 1990లలో అమెరికాలో కనిపించిన ప్రతి ట్రాక్ మీదా గెలిచి, 1996లో మొట్టమొదటి దుబాయ్ వరల్డ్ కప్‌కి ఎడారి దాకా వెళ్ళి అక్కడా గెలిచింది. మూడు హాలోడ్ డ్రీమ్స్, లూసియానా ఫిల్లీ. నాలుగు మిస్టర్ ఫ్రిస్కీ. అంకె అందరికీ 16 ఒక్కటే, కానీ సైటేషన్ 16నీ హాలోడ్ డ్రీమ్స్ 16నీ ఒకే బరిలో నిలబెట్టే మనిషి రేసుకోర్సుల్లో ఎక్కడా దొరకడు.

మిస్టర్ ఫ్రిస్కీ కథ ఇంకా బాగుంటుంది. ప్యూర్టోరికోలో 13 రేసులు 13 గెలిచింది. చిన్న దీవి, ఆ పోటీ ఎంత ఉంటుందిలే అన్నారు. కాలిఫోర్నియా తీసుకొచ్చారు, అక్కడ వరుసగా మూడు, అందులో శాంటా అనీటా డెర్బీ ఒకటి. అమెరికాలో అన్నిటికన్నా పెద్ద రేసైన కెంటకీ డెర్బీలో 1990లో ఫేవరెట్ అయి కూర్చుంది. ఎనిమిదోది వచ్చింది. "చూశారా, దీవి గుర్రం" అన్నారు మళ్ళీ. ఆ తర్వాతి పెద్ద రేసు ప్రీక్‌నెస్‌లో మూడోది వచ్చాక చూస్తే గొంతులో గడ్డ! ఊపిరి ఆడక పరిగెత్తింది పాపం. అంటే బయటికి వెళ్తే జవాబు దొరుకుతుందనేది కూడా పూర్తిగా నిజం కాదు, ఒక్కోసారి ప్రశ్న ఇంకా చిక్కుపడుతుంది. అయినా ఆ కాలిఫోర్నియా మూడు విజయాలు లేకపోతే ప్యూర్టోరికో పదమూడింటికి విలువ కట్టే మార్గమే ఉండేది కాదు. అదే దీవిలో 1950లలో కమరేరో అనే గుర్రం వరుసగా 56 గెలిచింది, 56! దాని గురించి ప్యూర్టోరికో బయట ఎంతమంది మాట్లాడుకుంటున్నారు చెప్పండి.

ఇక్కడ "ఓటమి ఎరగని ఫ్రాంకెల్ అనే గుర్రం కూడా ఇంగ్లండ్ దాటలేదు కదా" అని అడిగేవాళ్ళు ఉంటారు, మా బావమరిదే అడిగాడు, రాత్రికి రాత్రి గూగుల్ చేసి నిపుణుడు అయిపోయాడు కదా. నిజమే, 14కి 14, అన్నీ ఇంగ్లండ్‌లోనే. కానీ ఫ్రాంకెల్ ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు, దాని ఇంటి వాకిట్లోకే ప్రపంచం వస్తుంది. 2012 అక్టోబర్‌లో ఆస్కట్‌లో ఆఖరి రేసు, నేల తడిసి మెత్తగా ఉంది, అలాంటి నేల అంటే ప్రాణం పెట్టే ఫ్రెంచ్ గుర్రం సిరస్ దెజేగ్ల్ వచ్చింది, అదే ఏడాది దుబాయ్‌లో షీమా క్లాసిక్ గెలిచిన గుర్రం. దాన్నీ ఓడించింది. ఒక ప్రాంతం దాటకపోవడం తప్పు కాదు, ఆ ప్రాంతంలోకి ఎవరు వస్తారన్నదే లెక్క. న్యూ మెక్సికో లోకల్ రేసులోకి ఎవరూ రాకూడదనే రూలు ఉంది, తేడా అక్కడ.

ఆస్ట్రేలియా ఆడగుర్రం బ్లాక్ కేవియర్‌ది మధ్యరకం. 25కి 25, అందులో 24 ఆస్ట్రేలియాలోనే. "ఆస్ట్రేలియాలో ఎవర్ని కొట్టిందిలే" అనేవాళ్ళు అప్పట్లో ఉండేవాళ్ళు, కానీ అది చెల్లని మాట. ఎందుకంటే ఆ ప్రాంతం స్ప్రింట్ (తక్కువ దూరం) గుర్రాలు అప్పటికే ఇంగ్లండ్ వెళ్ళి పరీక్ష రాసి వచ్చాయి. చోయిసిర్ 2003లో, టేకోవర్ టార్గెట్ 2006లో, మిస్ ఆండ్రెట్టి 2007లో, సీనిక్ బ్లాస్ట్ 2009లో, అన్నీ ఆస్కట్‌లో గెలిచినవే. అంటే గజంబద్ద సరిగ్గానే ఉందని ముందే తేలింది, దాని మీద కొలిస్తే బ్లాక్ కేవియర్ ఎత్తు ఎంతో తెలుస్తుంది. పైగా తనే 2012 జూన్‌లో వెళ్ళింది. డైమండ్ జూబిలీ స్టేక్స్. ఆ రేసు వీడియో ఇప్పటికీ చూస్తే నా గుండె ఆగుతుంది, గెలిచేసిందనుకుని జాకీ లూక్ నోలెన్ చేతులు వదిలేశాడు, గీత దగ్గర మూన్‌లైట్ క్లౌడ్ మీదికి వచ్చేసింది, తల తేడాతో బతికిపోయింది. తర్వాత చూస్తే కండరాలు చిరిగి ఉన్నాయి. ఇంట్లో గెలిచిన 24 కన్నా, ఒళ్ళు సహకరించని రోజున పరాయి చోట తల తేడాతో గెలిచిన ఆ ఒక్కటే దాని గురించి ఎక్కువ చెప్పింది నాకు.

అమెరికా ఆడగుర్రం జెన్యాటా సంగతి మరీ విచిత్రం. అదీ వరుసగా 19 గెలిచింది, సరిగ్గా మన పెప్పర్స్ ప్రైడ్ అంకె. చాలావరకు కాలిఫోర్నియాలోనే, కాబట్టి "ఇంటి పులి" అనే మాట దానికీ తగిలింది, మధ్యలో ఆర్కన్సాస్ వెళ్ళి రెండుసార్లు గెలిచొచ్చినా సరే. 2009లో బ్రీడర్స్ కప్ క్లాసిక్‌లో మగ గుర్రాల్నే ఓడించింది. 2010లో మళ్ళీ అదే రేసు, ఈసారి చర్చిల్ డౌన్స్‌లో, కెంటకీ మట్టి మీద. మొదట్లో అందరికన్నా ఎంతో వెనక పడిపోయి, ఆఖరి మలుపులో ఒక్కొక్కర్నీ దాటుకుంటూ వచ్చి, బ్లేమ్ అనే గుర్రం చేతిలో తల తేడాతో ఓడింది. అదే దాని ఆఖరి రేసు. 20కి 19. ఇప్పుడు ఎవరినైనా అడగండి, 19కి 19 ఉన్న పెప్పర్స్ ప్రైడ్ గొప్పా, 20కి 19 ఉన్న జెన్యాటా గొప్పా అని. ఆలోచించను కూడా ఆలోచించరు. ఆ ఓటమి జెన్యాటాకి మచ్చ కాలేదు, కొలత అయింది.

ఇంతవరకు బాబాయ్ వైపే మాట్లాడా. ఇప్పుడు రెండో వైపు.

పెప్పర్స్ ప్రైడ్ 19వ రేసు గెలిచిన మూడు నాలుగు నెలలకి, 2009 వసంతంలో, అదే సన్‌ల్యాండ్ పార్క్ ట్రాక్ మీద సన్‌ల్యాండ్ డెర్బీ జరిగింది. ఇది లోకల్ కోటా రేసు కాదు, ఓపెన్. అందులో మైన్ దట్ బర్డ్ అనే ఒక పొట్టి గుర్రం నాలుగోది వచ్చింది. పిల్లప్పుడు 9,500 డాలర్లకి అమ్ముడైన గుర్రం, తర్వాత న్యూ మెక్సికో వాళ్ళు కొనుక్కున్నారు. నాలుగోది వచ్చింది కదా, పోనీలే అని వదిలేయలేదు వాళ్ళు. ట్రైనర్ చిప్ వూలీ, మోటార్‌సైకిల్ ప్రమాదంలో కాలు విరిగి కర్రల మీద నడుస్తున్న మనిషి, పికప్ వెనక ట్రైలర్ కట్టుకుని గుర్రాన్ని ఎక్కించుకుని న్యూ మెక్సికో నుంచి కెంటకీ దాకా తనే డ్రైవ్ చేసుకుంటూ పోయాడు. మే 2న కెంటకీ డెర్బీ. 1కి 50 రేటు. మొదట అందరికన్నా వెనక, ఆఖరున రెయిలింగ్ పక్క సందులోంచి దూరి 6¾ లెంగ్త్‌ల (గుర్రం పొడవుల) తేడాతో గెలిచింది! 2 డాలర్లు పెట్టినవాడికి 103 డాలర్ల 20 సెంట్లు వచ్చాయి.

ఇప్పుడు చెప్పండి. సన్‌ల్యాండ్ పార్క్‌లో నాలుగోది వచ్చిన గుర్రం అమెరికాలో అన్నిటికన్నా పెద్ద రేసు గెలిచింది. అంటే ఆ ట్రాక్ మీద పోటీ మరీ అంత తీసిపారేసేది కాదా? లేక ఆ ఒక్క రోజు కాలం కలిసొచ్చిందా? ఆ తర్వాత మైన్ దట్ బర్డ్ ఒక్క రేసు కూడా గెలవలేదు, మొత్తం జీవితంలో 18 రేసులకి 5 గెలుపులు. ఒక్కసారి రచ్చ గెలిచి మళ్ళీ ఎక్కడా గెలవని గుర్రం ఒకటి, ఇంట ఒక్కసారి కూడా ఓడకుండా రచ్చకి పోని గుర్రం ఒకటి, రెండూ ఒకే ట్రాక్ దుమ్ము తిన్నవే, కొన్ని నెలల తేడాతో. కథ రాసేవాడు ఇలా రాస్తే మరీ అతికించినట్టుంది అని కొట్టేస్తాం.

నాకు దీంట్లో తోచింది ఇది. కెంటకీకి దారి ఉంది, ఒక పికప్, ఒక ట్రైలర్ ఉంటే చాలు, కుంటుతూ కూడా వెళ్ళొచ్చు. పెప్పర్స్ ప్రైడ్ వెళ్ళలేక ఆగిపోలేదు, తీసుకెళ్ళలేదు. దానికి రేటింగ్‌లో స్టార్లు కోస్తున్నా, కానీ కోసేది గుర్రానికి కాదు, రికార్డుకి.

గుర్రానికి అయితే ఇంకోలా చూడాలి. 19 సార్లు గేటు తెరుచుకుంది. పోటీ బలహీనమైనదే అనుకుందాం, అయినా రేసు గుర్రం ఓడిపోవడానికి బలమైన శత్రువు అక్కర్లేదు. గేటులో కాలు జారితే చాలు. ముందు గుర్రాలు గోడ కట్టేస్తే చాలు, ముందురోజు సరిగ్గా తినకపోతే చాలు, గిట్టలో చిన్న నొప్పి ఉంటే చాలు. స్ప్రింట్ రేసు నిమిషం పైచిలుకులో అయిపోతుంది, ఒక తప్పు చేస్తే దిద్దుకునే టైము ఉండదు. రూయిడోసో సముద్రమట్టానికి 2,000 మీటర్లకు పైన ఉన్న కొండ ఊరు, అక్కడి గాలి పల్చన, హాబ్స్ మైదానం, సన్‌ల్యాండ్ ఎడారి. ఈ మూడు చోట్లా, మూడు నాలుగేళ్ళ పాటు, ఒక్క చెడ్డ రోజు కూడా లేకుండా గడిపింది. హ్యాండికాప్ రేసు అంటే గెలిచే గుర్రం మీద బరువు పెంచి మిగతావాటికి అవకాశం ఇవ్వడం, అలాంటివాటిలోనూ గెలిచింది. మన దగ్గర స్క్వాండరర్ లాంటి గుర్రమే 19 పరిగెత్తి 18 గెలిచింది, ఎక్కడో ఒకటి పోయింది. మంచి మంచి గుర్రాలకే ఒక రోజు పోతుంది. పోకుండా ఉండటం కూడా ఒక విద్యే.

టైములు చూసి తేల్చెయ్యొచ్చు కదా అంటారు. కొంతవరకే. ఏ ట్రాక్ మట్టి ఆ రోజు ఎంత గట్టిగా ఉందో లెక్క కట్టి స్పీడ్ అంకెలు ఇస్తారు, అవి పనికొస్తాయి. కానీ తేలిగ్గా గెలిచే గుర్రాన్ని జాకీ పూర్తిగా తోలడు, గడియారంతో పరిగెత్తడానికి వాడికి డబ్బు ఇవ్వరు కదా. ముందు ఎవరూ లేనప్పుడు గుర్రం దగ్గర ఇంకా ఎంత మిగిలుందో గడియారానికి తెలియదు. అది బయటపడాలంటే పక్కన ఇంకో మంచి గుర్రం మెడ కలిపి పరిగెత్తాలి, వేరే దారి లేదు.

ఇది మొదట బాబాయే అన్నాడు, నేను నా మాటగా రాసేశా. ఆయనే ఇంకో మాట కూడా అన్నాడు: "అందుకే కదరా మన దగ్గర ఇన్విటేషన్ కప్ పెట్టింది." నిజమే. ముంబయి, కోల్‌కతా, చెన్నై, బెంగళూరు, హైదరాబాద్, ఎక్కడికక్కడ డెర్బీలున్నాయి, మలక్‌పేటకి డెక్కన్ డెర్బీ ఉంది, ఎవరి ఊళ్ళో వాళ్ళ గుర్రమే రాజు. వాటన్నిటినీ ఏడాదికోసారి ఒక్కచోట దింపేదే ఇండియన్ టర్ఫ్ ఇన్విటేషన్ కప్, వంతులవారీగా ఒక్కో ఊళ్ళో జరుగుతుంది. మలక్‌పేటలో జరిగిన ఏడాది బాబాయ్ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడని పిన్ని ఇప్పటికీ దెప్పుతుంది, మా పెళ్ళికి కూడా వేసుకోలేదు అని.

అంకె కూడా ఇప్పుడు పెప్పర్స్ ప్రైడ్‌ది కాదు. 6,250 డాలర్లకి చేతులు మారిన రాపిడ్ రెడక్స్ అనే గుర్రం చిన్న చిన్న రేసుల్లో వరుసగా గెలుస్తూ 2011లో దాన్ని దాటేసి, చివరికి 22 దాకా వెళ్ళింది. అంకె కోసమే ఇంట్లో కూర్చుంటే ఇదీ గతి, ఇంకా చిన్న ఇంట్లో కూర్చున్న ఇంకో గుర్రం వచ్చి దాటిపోతుంది. హంగరీ కించెమ్‌ని చూడండి, 1870లలో రైలెక్కి యూరప్ అంతా తిరిగి, ఇంగ్లండ్ వెళ్ళి గుడ్‌వుడ్ కప్ పట్టుకొచ్చి, 54కి 54. బుడాపెస్ట్‌లో రేసుకోర్సుకే దాని పేరు పెట్టారు. రైలు పెట్టెలో!

కాబట్టి నా రేటింగ్: నిలకడకి 5కి 5, ఇందులో బేరం లేదు. ఎదుర్కొన్న పోటీకి 2. గొప్పదనానికి 3 ఇస్తున్నా, మూడున్నర ఇద్దామని మనసులో ఉంది, ఆ టోపీ పెద్దాయన మొహం గుర్తొచ్చినప్పుడల్లా చెయ్యి అటే పోతోంది. ఒక్కటి, ఒక్క ఓపెన్ రేసు పరిగెత్తి ఉంటే, రెండోది వచ్చి ఉన్నా సరే, 4 ఇచ్చేవాణ్ణి. బాబాయ్ ఒకటే ఇమ్మన్నాడు, అదీ చర్నాకోల పట్టుకున్న జాకీకి ఇమ్మన్నాడు.

సన్‌ల్యాండ్ పార్క్ వెళ్తే చివరి రేసు దాకా ఉండండి, సాయంత్రం వెలుగు కొండ మీద పడుతుంది, బాగుంటుంది. మేం ఉన్నాం. అది లోకల్ గుర్రాల రేసే. బుక్‌లో S డబ్బా చూసి, రోజంతా దండగ అయింది కదా అని ఆఖరి 2 డాలర్లు ఒక గోధుమరంగు మేర్ మీద పెట్టా, ఈసారి జాగ్రత్తగా షో. మలుపు దాకా మూడోదే ఉంది, గీత దగ్గర నాలుగోది అయింది. వీడియో కాల్‌లో బాబాయ్‌కి చెప్పా, "మైన్ దట్ బర్డ్ కూడా ఇక్కడ నాలుగోదే వచ్చింది బాబాయ్" అని.

"అయితే ఆ టికెట్ పారేయకు" అన్నాడు.